గాజు ఫ్యాక్టరీకి వెళ్లేముందు ఏం చదవాలి?

ప్రశ్న: మేడమ్, మాది హనుమకొండ. బీటెక్‌లో మెటలర్జీ చదివి, ఇప్పుడు జర్మనీలోని యేనాలో మెటీరియల్స్ సైన్స్ మాస్టర్స్ చేస్తున్నాను. వచ్చే నెల మైన్జ్‌లోని షాట్ అనే గాజు కంపెనీలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌కి వెళ్తున్నాను. గాజు ఫర్నేస్‌ని ఎప్పుడూ దగ్గర నుంచి చూడలేదు. జర్మన్ అంతంతమాత్రం. ఫ్రెండ్సేమో పైథాన్, సిమ్యులేషన్ నేర్చుకుని వెళ్లమంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: పైథాన్ వద్దనను కానీ అమ్మా, ఈ నెల మాత్రం విస్కాసిటీకి, అంటే కరిగిన గాజు ఎంత చిక్కగా ఉందన్నదానికి, ఇవ్వు. గాజు పనంతా దాని చుట్టూనే తిరుగుతుంది. మెటలర్జీ నుంచి వచ్చినవాళ్లు మొదట తడబడేదీ అక్కడే. ఇనుముకో రాగికో కరిగే ఉష్ణోగ్రత ఒకటుంటుంది. గాజుకు అలాంటిది లేదు, వేడి పెరిగేకొద్దీ మెత్తబడుతూ పోతుంది. ప్రయోగశాల బీకర్లు చేసే బోరోసిలికేట్ 3.3 డేటాషీట్ తీసి చూడు. 560 డిగ్రీల దగ్గర లోపలి ఒత్తిడి సడలుతుంది, 825 దగ్గర తన బరువుకే సాగుతుంది, 1260 దగ్గర కావలసిన ఆకారానికి వంగుతుంది. ఈ మూడూ నీకు నోటికి రావాలి.

ఇక చల్లార్చడం. నేను గాజు క్వాలిటీలో పనిచేసిన రోజుల్లో, కొలతలన్నీ సరిగ్గా ఉన్న గొట్టం కోతకు పెట్టగానే నిలువునా చీలడం చూశాను. తొందరగా చల్లారిన గాజులో ఒత్తిడి దాగి ఉంటుంది, కంటికి కనిపించదు. పోలరైజ్డ్ కాంతిలో గాజును చూపించే పోలరిస్కోప్ అనే పరికరంలో పెడితే రంగులుగా బయటపడుతుంది. మొదటి వారాల్లో నీకు శాంపిల్ కోయడం, పాలిష్ పట్టడం, పోలరిస్కోప్‌లో చూడటం లాంటి పనులే ఇవ్వొచ్చు. వాటిని చిన్నచూపు చూడకు. చేతికి ఆ పని వచ్చాకే నీ సిమ్యులేషన్ అంకెలు నిజమో కాదో నీకు తెలుస్తుంది. వారానికోసారైనా షిఫ్ట్‌లో పనిచేసే పెద్దవాళ్ల పక్కన నిలబడి చూడు. నీకొచ్చిన కొద్దిపాటి జర్మన్‌లోనే ప్రశ్నలడుగు. అడిగితే విసుక్కునేవాళ్లు తక్కువ.

భాష సంగతికొస్తే, ముందు హెచ్చరిక బోర్డులు చదవడం నేర్చుకో. మూడు వందల డిగ్రీల వేడిలో ఉన్న గాజు ఎర్రగా మెరవదు, చల్లటి గాజులాగే కనిపిస్తుంది. అందుకే ఎవరూ చెప్పకుండా ఏ ముక్కనూ ముట్టుకోకు. గ్లౌజులు, కళ్లద్దాలు, సేఫ్టీ బూట్లు లేకుండా లోపలికి అడుగుపెట్టకు.

కాగితాల్లో ఒక్కటి ముఖ్యం. ఈ ఇంటర్న్‌షిప్ నీ సిలబస్‌లో తప్పనిసరా, లేక నువ్వు స్వయంగా ఎంచుకున్నదా అన్నది యూనివర్సిటీ నుంచి రాతపూర్వకంగా తీసుకో. తప్పనిసరైతే విదేశీ విద్యార్థులకున్న 140 పూర్తి రోజుల పని పరిమితిలోకి రాదు. స్వయంగా ఎంచుకున్నదైతే వస్తుంది, ఆరు నెలలంటే ఆ పరిమితి దగ్గరికి వచ్చేస్తావు, దానికి వేరే పని కూడా తోడైతే దాటే ప్రమాదం ఉంది. కాంట్రాక్ట్ మీద సంతకం చేసేముందే దీన్ని తేల్చుకో.

నువ్వుంటున్న యేనాలోనే 1884లో ఒట్టో షాట్, ఎర్నెస్ట్ అబ్బే, కార్ల్ జైస్ కలిసి, తర్వాత షాట్ కంపెనీగా ఎదిగిన గాజు ప్రయోగశాల పెట్టారు. 1945లో అమెరికన్ సైన్యం అక్కడి నిపుణులు 41 మందిని పశ్చిమానికి తరలించింది. 1952లో మైన్జ్‌లో కొత్త ఫ్యాక్టరీ మొదలైంది. బయల్దేరేలోపు యేనాలో ఆ చరిత్ర ఉన్న చోట్లు ఒకసారి చూసి వెళ్లు. మైన్జ్‌లో పాత ఉద్యోగులతో మాట కలపడానికి అంతకంటే మంచి విషయం నీకు దొరకదు.