రిస్టోర్ చేయాల్సిన పాత మస్టాంగ్ కన్వర్టిబుల్ కొనొచ్చా? మళ్ళీ అమ్మితే డబ్బులు మిగులుతాయా?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ: న్యూజెర్సీలో 1966 ఫోర్డ్ మస్టాంగ్ కన్వర్టిబుల్ (టాప్ మడిచేసే కారు) ఒకటి 12 వేల డాలర్లకి అమ్మకానికుంది. ఇంజిన్ స్టార్ట్ అవుతోంది, పెయింట్ మెరుస్తోంది, "కాస్త పని ఉంది" అంటున్నారు. బాగు చేయించి రెండేళ్ళు తిరిగి అమ్మేస్తే నాలుగు డబ్బులు మిగులుతాయా అని.

మిగలవండీ. నేను అదే మోడల్ 2017లో 9 వేలకి కొన్నాను. నాలుగేళ్ళలో పద్దెనిమిదిన్నర వేలు పెట్టాను. 2021లో 19 వేలకి అమ్మాను. అంటే ఎనిమిదిన్నర వేలు గాలికి. నా శనివారాలకి లెక్క కట్టలేదు. ఇది తెలిసీ కొనాలనిపిస్తే మిగతాది చదవండి, ఎందుకంటే నాకూ తెలిసే కొన్నాను.

మేం ఉండేది న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. రూట్ 1 పక్కన ఫోర్డ్ ఫ్యాక్టరీ ఉండేది, 2004లో మూసేశారు. అరవైల్లో మస్టాంగ్‌లు అక్కడ కూడా తయారయ్యేవి. పక్క ఊరి పేరుతో దాన్ని మెటచెన్ ప్లాంట్ అనేవాళ్ళు. విన్ నంబర్‌లో (ప్రతి బండికీ ఫ్యాక్టరీ కొట్టే గుర్తింపు నంబర్) రెండోది 'టి' అక్షరమైతే బండి అక్కడిదే. నేను చూసిన బండి నంబర్ 6, టి, 08, సి అని మొదలైంది: 1966, మెటచెన్, కన్వర్టిబుల్, ఎనిమిది సిలిండర్ల 289 వీ8 ఇంజిన్. మేం కరివేపాకు కొనుక్కునే ఓక్ ట్రీ రోడ్డుకి కొద్ది మైళ్ళలో పుట్టిన బండి, తిరిగి తిరిగి పెన్సిల్వేనియాలో ఒక షెడ్డులో దుమ్ము కొట్టుకుని పడుంది. ఇక బేరం ఏం ఆడతాను చెప్పండి?

ఆ నంబర్‌తోనే మొదలుపెట్టండి. మూడు, నాలుగు స్థానాల్లో 08 ఉంటేనే అది ఫ్యాక్టరీ నుంచి కన్వర్టిబుల్‌గా వచ్చినట్టు. 07 ఉంటే అది గట్టి టాప్ ఉండే మామూలు కూపే, ఎవరో టాప్ కోసేశారన్నమాట. డోర్ మీదున్న ప్లేట్ చూసి నమ్మకండి, డోర్లు మార్చేస్తారు. బానెట్ ఎత్తి డ్రైవర్ వైపు లోపలి ఫెండర్ రేకు మీద కొట్టిన నంబర్ చూడండి, అది టైటిల్‌లో (బండి ఎవరిదో చెప్పే కాగితం) ఉన్న నంబర్‌తో కలవాలి. ఐదో స్థానంలో 'టి' ఉంటే ఆరు సిలిండర్ల ఇంజిన్. అలాంటి బండికి చక్రానికి నాలుగే నట్లు ఉంటాయి, వీ8కి ఐదు. "ఒరిజినల్ వీ8" అని చెప్పి చక్రానికి నాలుగు నట్లు చూపిస్తే ఇంక అక్కడ నిలబడక్కర్లేదు.

ఇక అసలు సంగతి. మస్టాంగ్‌కి లారీలకున్నట్టు కింద విడిగా ఛాసిస్ ఉండదు. రేకులన్నీ కలిపి వెల్డ్ చేసిన పెట్టె అది. కూపేకి టాప్ కూడా బలమే. కన్వర్టిబుల్‌కి ఆ టాప్ లేదు కాబట్టి ఫ్యాక్టరీ వాళ్ళు డోర్ల కింద పొడుగ్గా ఉండే రాకర్లు అనే రేకు పెట్టెల్లో అదనపు మందపు రేకులు పెట్టి, నేలని గట్టి చేశారు. ఆ రాకర్లు, నేల తుప్పు పట్టాయంటే బండి నడుం విరిగినట్టే. ఇంజిన్ ఎంత బాగా పాడినా లాభం లేదు. పెయింట్ సంగతి అసలు ఎత్తకండి. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఈ బండ్ల కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది నాకు.

చూడ్డానికి వెళ్ళేటప్పుడు ఫ్రిజ్ మీద అంటించుకునే పల్చటి మాగ్నెట్ ఒకటి, రెండు పెద్ద బాటిళ్ళ నీళ్ళు, టార్చ్, జాకీ పట్టుకెళ్ళండి. డోర్ల కింద, వెనక చక్రాల చుట్టూ మాగ్నెట్ అంటకపోతే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. డోర్‌కీ బాడీకీ మధ్య సందు పైనా కిందా ఒకేలా ఉందా చూడండి. ముందు చక్రం వెనక, నేలకి వెల్డ్ చేసి ఉన్న మందపాటి పట్టీ కింద జాకీ పెట్టి కొంచెం లేపి (మీరు మాత్రం కిందకి దూరకండి) డోర్ తెరిచి మూయండి. అప్పటిదాకా బాగా పడిన డోర్ పట్టేసిందంటే బాడీ వంగుతోంది.

నీళ్ళు ఎందుకంటే, విండ్‌షీల్డ్ ముందు గాలి లోపలికి వెళ్ళే జాలీ ఉంటుంది, దాన్ని కౌల్ అంటారు. ఆకులు పడి, కుళ్ళి, లోపల కనపడకుండా తుప్పు పడుతుంది. ఓనర్‌ని అడిగి ఒక్కో వైపు బాటిల్ నీళ్ళు పోసి, డ్యాష్‌బోర్డ్ కింద టార్చ్ వేసి చూడండి. నేను కొన్నప్పుడు కార్పెట్ కొత్తగా ఉందని మురిసిపోయాను. ఇంటికొచ్చాక మొదటి వానకే నా కాళ్ళ దగ్గర టీ రంగు నీళ్ళు మడుగు కట్టాయి. పాత కార్పెట్ ఎందుకు తీసేశారో అప్పుడు తెలిసింది. కౌల్ బాగు చేయాలంటే చుక్క చుక్కగా వేసిన వెల్డింగులన్నీ డ్రిల్ చేసి పై రేకు ఊడదీయాలి. నాకు మూడున్నర వేలు అయింది.

దానికంటే పెద్ద దెబ్బ ఇంకోటి. రాకర్లు రెండూ మార్చమని ఒక షాపులో ఇచ్చాను. కన్వర్టిబుల్‌కి రాకర్ కోసే ముందు డోర్ ఖాళీలో అడ్డంగా పైపులు వెల్డ్ చేసి బాడీని బిగించాలి (దాన్నే బ్రేసింగ్ అంటారు), లేకపోతే కోసిన క్షణమే నడుం దిగిపోతుంది. ఈ సంగతి వాళ్ళకి తెలుసనుకున్నాను, అడగలేదు. రెండు వారాల తర్వాత వెళ్ళి డ్రైవర్ డోర్ వేస్తే లాక్ దాకా రాలేదు, దాదాపు వేలెడు దూరంలో ఆగిపోయింది. "డోర్ సర్దుతాంలే" అన్నారు. సర్దాల్సింది డోర్ కాదు, బండి. వేరే అతను కొత్త వెల్డింగ్ మళ్ళీ కోసి, బాడీని లెవెల్ చేసి, మొదట్నుంచి చేశాడు. నేల, రాకర్లు, వాటిని ఫ్రేమ్ పట్టీలకి కలిపే టార్క్ బాక్సులు అన్నీ కలిపి 11 వేలు, అందులో సగానికి సగం నా దండగే. మీరు ఎవరికిచ్చినా "కోసే ముందు బ్రేసింగ్ వేస్తారా, ఫొటో పంపుతారా" అని అడగండి. ఆ ప్రశ్నకి నవ్వితే బండి వెనక్కి తెచ్చేసుకోండి.

ఇంజిన్, బ్రేకులు, వైరింగ్, టైర్లు గురించి టెన్షన్ పడక్కర్లేదు. ఈ కార్లకి దాదాపు ప్రతి పార్టూ కొత్తది దొరుకుతుంది. నాకు అవన్నీ నాలుగు వేలలో అయిపోయాయి. ఒక్క బ్రేకు మాత్రం గుర్తుంచుకోండి: 1966 దాకా ఒకే సర్క్యూట్, ఎక్కడ లీకైనా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ వేరువేరుగా పనిచేసే డ్యూయల్ మాస్టర్ సిలిండర్‌కి మార్పించండి. టాప్ విషయంలో గుడ్డ చిరిగినా ఫరవాలేదు, దాని కింద ఇనప ఫ్రేమ్ వంకర పోయిందా అన్నదే చూడండి.

కాగితాలు. మొదట నేనొక ఎర్ర బండికి దాదాపు అడ్వాన్స్ ఇచ్చేశాను. టైటిల్ చూస్తే వేరే ఎవరిదో పేరు. "ఆయన దగ్గర కొన్నాను, మార్పించుకోలేదు" అన్నాడు. దండం పెట్టి వచ్చేశాను. అమ్మేవాడి పేరే టైటిల్‌లో ఉండాలి. పెన్సిల్వేనియా టైటిల్ అయితే అమ్మేవాళ్ళు నోటరీ ముందు సంతకం పెట్టాలి. న్యూజెర్సీలో రిజిస్టర్ చేసేటప్పుడు 6.625 శాతం సేల్స్ టాక్స్ కూడా లెక్కలో వేసుకోండి. ఇన్సూరెన్స్ పాత కార్లకి ఇచ్చే 'అగ్రీడ్ వేల్యూ' పాలసీ (బండి విలువ ముందే ఒప్పుకుని రాసుకునేది) తీసుకోండి.

బండి ఇంటికి చేరినప్పుడు మా మామగారు తెనాలి నుంచి వచ్చి ఇక్కడే ఉన్నారు. చుట్టూ ఒకసారి తిరిగి, "అల్లుడుగారూ, నేలా లేదు, పైకప్పూ లేదు, ఇంతకీ ఏం కొన్నట్టు మీరు?" అన్నారు. ఇప్పటికీ జవాబు లేదు.

అమ్మకం. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి. పెయింట్ వేయించే ఓపిక, డబ్బు రెండూ అయిపోయి బూడిద రంగు ప్రైమర్ మీదే అమ్మకానికి పెట్టాను. మొదటి ప్రకటనలో అందంగా తీసిన ఫొటోలు పెట్టాను. "6 వేలు, ఇప్పుడే క్యాష్" అనే మెసేజ్‌లు తప్ప ఎవరూ రాలేదు. ప్రైమర్ కింద ఏముందో తెలియని బండికి ఎవరు డబ్బిస్తారు? నేనైనా ఇవ్వను. అప్పుడు ప్రకటన తీసేసి మళ్ళీ రాశాను. కోసి తీసిన తుప్పు రేకులు గ్యారేజీలో ఒక అట్టపెట్టెలో దాచాను, వాటి ఫొటో మొదట పెట్టాను. తర్వాత బ్రేసింగ్ వేసిన ఫొటోలు, మొదటి షాపు చెడగొట్టిన వెల్డింగ్, దాన్ని సరిచేసిన వెల్డింగ్, బిల్లులన్నీ. ఏం మిగిలిందో కూడా రాశాను: పెయింట్, సీట్లు, కుడి అద్దం కిందకి దిగదు.

వారంలో ముగ్గురొచ్చారు. కొన్నాయన రిటైరైన మెకానిక్. నాతో అరగంట మాట్లాడి, బండి దగ్గర పది నిమిషాలే ఉన్నాడు. డోర్ తీశాడు, వేశాడు. మళ్ళీ తీశాడు, వేశాడు. ఆ టక్కుమనే శబ్దం వింటూ నవ్వి, "19" అన్నాడు. ఆయన బ్యాంకులోనే కూర్చుని, చెక్కు మా ముందు రాయించి, అక్కడే టైటిల్ వెనక సంతకం పెట్టాను. నంబర్ ప్లేట్లు విప్పి నా దగ్గరే ఉంచుకున్నాను, న్యూజెర్సీలో అవి బండితో పోవు.

మీరు చూస్తున్న బండికి 12 వేలు అడిగారంటే నేల, రాకర్లు, కౌల్ మూడూ గట్టిగా ఉండాలి. వాటిలో ఒక్కటి పోయినా 7 వేలకి మించి నేనైతే ఇవ్వను. ఎడిసన్‌కి దగ్గరైతే చెప్పండి, శనివారం ఖాళీయే. జాకీ నేను తెస్తాను, నీళ్ళ బాటిళ్ళు మీరు తెచ్చుకోండి.