తేనె పెట్టెకు థర్మోకోల్ చుట్టవచ్చునా?

ప్రశ్న: ఆనందపురం దగ్గర మా జీడితోటలో పుట్ట తేనెటీగల పెట్టెలు ఉన్నాయి. వలిసె పూతకు అరకు వైపు తీసుకెళ్లిన రెండు పెట్టెలు ఈగలు తగ్గిపోయి తిరిగివచ్చాయి. చలి దేశాల్లో పెట్టెలకు థర్మోకోల్ చుడితే వసంతంలో ఈగలు త్వరగా పెరుగుతాయని చదివాను. మేమూ చుట్టవచ్చునా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం జిల్లా

జవాబు: చుట్టవచ్చును. అయితే దానివల్ల ఒరిగేదెంతో తెలుసుకుని చుట్టండి. తేనెటీగలు పెట్టెనంతటినీ వెచ్చబరచవు. పిల్ల పురుగులున్న ఫ్రేముల (ఈగలు పట్టు కట్టే చెక్క చట్రాల) మీద గుమిగూడి, రెక్కలు ఆడించకుండానే ఎగిరే కండరాలను కదిలించి, ఆ వేడితో అంతమేరను మాత్రమే 34, 35 డిగ్రీల దగ్గర నిలుపుతాయి. ఆ వేడికి ఇంధనం తేనె. పలచని చెక్క గుండా, ముఖ్యంగా పైమూత గుండా, వేడి పోతున్నకొద్దీ తేనె ఎక్కువ ఖర్చవుతుంది, పిల్లను కాచుకోవడానికి ఎక్కువ ఈగలు ఇంటిపట్టునే ఉండిపోవలసి వస్తుంది. ముసలి ఈగలు రాలిపోతూ, కొత్తవి ఇంకా అందిరాని వసంతారంభంలో చిక్కంతా ఇక్కడే ఉంది: రాణి ఎన్ని గుడ్లు పెట్టినా, ఈగలు కప్పగలిగినంత మేరకే పిల్ల దక్కుతుంది. వేడి నిలిచే పెట్టెలో అవే ఈగలు మరికాస్త పిల్లను కాయగలవు. థర్మోకోల్ చేసే మేలు అంతవరకే. పుప్పొడి రానిచోట, రాణి ముసలిదైనచోట ఎంత మందాన చుట్టినా ఈగలు పెరగవు.

కాబట్టి ఆ రెండు పెట్టెల్లో ముందుగా ఈగలు కప్పలేని ఖాళీ ఫ్రేములను తీసివేసి, అడ్డుపలక పెట్టి గదిని ఇరుకు చేయండి. ఖాళీ అట్టలు (ఈగలు మైనంతో కట్టిన పట్లు) ఎలాగూ మైనపు పురుగుకు నెలవులే. ఆ తరువాత పొద్దున ఎండ పొడ వచ్చాక లోపలి మూత ఎత్తి, దాని అడుగు భాగాన్ని వేలితో తడిమి చూడండి. తడి తగిలితే, ఈగల ఊపిరిలోనూ ఆరుతున్న మకరందంలోనూ ఉన్న తేమ చల్లని మూత మీద నీరై పిల్ల మీద పడుతున్నదన్నమాట. చుట్టవలసింది మొదట అక్కడే. లోపలి మూతకూ పైమూతకూ నడుమ థర్మోకోల్ పలక అమర్చండి; ఈగలకు అందితే దానిని కొరికి పొడి చేస్తాయి. పక్కలకు గోనె సంచి చాలును. ప్రవేశద్వారాన్ని మాత్రం పూర్తిగా మూయకండి.

ఇంతకూ దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులోయ చలి ఆనందపురంలో ఉండదు. నా దృష్టిలో మీ తోటలో ఆ పలకకు అసలు పని చైత్ర వైశాఖాల ఎండలోనే ఉంటుంది. 40 డిగ్రీల దాపున మైనం మెత్తబడి, తేనె బరువుకు అట్టలు జారవచ్చును. లోపలి వేడి తగ్గించడానికి ఈగలు మేత మాని నీళ్లు మోసి, రెక్కలతో విసురుతూ కూర్చుంటాయి. వేడి మరీ పెరిగితే పుట్ట తేనెటీగలు పెట్టె విడిచి లేచిపోతాయి కూడా. అందువల్ల పక్కల గోనెను ఫాల్గుణంలో విప్పివేసి, మూత కింది పలకను అలాగే ఉంచి, పెట్టెలను జీడిచెట్ల నీడకు కొద్దికొద్దిగా జరపండి. దగ్గరలో గులకరాళ్లు వేసిన వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పెట్టండి.