సార్, ఒక్క మాట

చిరంజీవి బుజ్జికి, మావయ్య ఆశీస్సులు.

బెంగళూరు ఉద్యోగం మానేసి, మన ఫిషింగ్ హార్బర్ బోట్లకి ఐసు పెట్టెలు చేసే కంపెనీ పెడతానన్నావట. మీ అమ్మ ఫోన్‌లో ఒకటే ఏడుపు. నేను మాత్రం ఫోన్ పెట్టేసి మీ అత్తతో రెండుసార్లు అన్నాను, అది మన పిల్లే అని. రాత్రి నిద్ర పట్టలేదనుకో, అది వేరే సంగతి.

రిజిస్ట్రేషన్, జీఎస్టీ ఆడిటర్‌కి వదిలెయ్. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, మరబోట్లు ఒడ్డునే ఉంటాయి, వాళ్ళ చేతిలో డబ్బు ఆడదు. ఆ రెండు నెలల జీతాలు ముందే పక్కన పెట్టుకో. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టావా, నా గుమ్మం ఎక్కకు.

మన సంస్కృతి కొత్తదనాన్ని తొక్కేస్తుందని అమ్మతో వాదించావట. హాఫ్‌స్టెడ్ అనే డచ్చాయన 1960ల చివర, 70ల మొదట ఐబీఎం ఉద్యోగుల్ని దేశదేశాల్లో అడిగి, ఒక్కో గుణానికి ఒక్కో దేశానికి మార్కులు లెక్క కట్టాడు. ఏమవుతుందో తెలియదంటే బెదిరే గుణం మనకి 40, జపాన్‌కి 92. అంత బెదిరేవాళ్ళే టయోటాలో, తేడా కనిపిస్తే మామూలు కార్మికుడు తాడు లాగి లైను ఆపేలా పెట్టుకున్నారు. కాబట్టి నా బెంగ భయం గురించి కాదు. పైవాడి మాటే మాట అనే గుణంలో మనకి 77, అమెరికాకి 40. ఆ 77 మా షెడ్డులో నేనే.

1994లో, గాజువాక ఆటోనగర్‌లో, ఒక ఫ్యాక్టరీకి 12 ట్యాంకులు చేస్తున్నాం. ట్యాంకుకి పైపు బిగించే చక్రం, ఫ్లాంజి అంటాం, దానికి 8 బెజ్జాలు ఉండాలి, డ్రాయింగులో నేను 4 గీశాను. హెల్పర్ కుర్రాడొకడు, పదో తరగతి తప్పినవాడు, టీ టైములో వచ్చి "సార్, ఒక్క మాట" అన్నాడు. "నీ పని నువ్వు చూసుకో" అన్నాను. అంతే. అందరూ తలలు వంచుకుని 4 బెజ్జాలే కొట్టారు. పన్నెండూ వెనక్కి వచ్చాయి. మీ అత్త గొలుసు అమ్మి ఇనుము కొన్నాను. తర్వాత వాణ్ణే తిట్టాను కూడా, ఎందుకు చెప్పలేదురా అని. "చెప్పనిచ్చారా సార్?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. వాడు ఇంకెన్ని మాటలు మింగాడో! గొలుసు మళ్ళీ కొన్నాను. ఆ మాటలు ఎక్కడ కొంటాను?

నీకూ నోరు ఎక్కువే తల్లీ, మా అమ్మ పోలిక. పైగా ఇంజనీరువి. ఐసు మోసే మనిషికి నీ పెట్టె మూత ఎక్కడ పట్టేస్తుందో తెలుస్తుంది, కానీ "మేడమ్" అని ఊరుకుంటాడు. నువ్వే వెళ్ళి అడగాలి. అడిగాక నోరు మూసుకోవాలి, అదే కష్టం.

ఆ కుర్రాడికి ఇప్పుడు మా పక్క వీధిలో సొంత షెడ్డుంది. ఆదివారం రా, డ్రాయింగులు పట్టుకొని. ముందు అతనికి చూపించు, తర్వాత నాకు.

మీ మావయ్య