వంకర గోడల పబ్బు పడిపోదా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండ్‌లో చదువుతున్నాడు. ఓ పల్లెటూరి పబ్బులో భోంచేశామని ఫొటో పంపాడు. తెల్ల గోడల్లో నల్లటి దూలాలు, అవీ వంకరటింకర. మేడ వీధి మీదికి పొడుచుకొచ్చింది. ఐదొందల ఏళ్ళ నాటిదట. నాకు ఒకటే టెన్షన్. అలాంటి చోట కూర్చోవచ్చా?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: ఆ వంకర చూసి భయపడకండమ్మా. మీ అపార్ట్‌మెంట్‌లో బరువు మోసేవి పిల్లర్లు, మధ్యలో ఇటుక నింపుడే కదా. ఇదీ అంతే. బరువంతా ఓక్ అనే గట్టి కలప చట్రానిదే. మధ్య ఖాళీల్లో తడిక అల్లి, మట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తారు. మన చుట్టిళ్ళకు మెత్తినట్టే!

ఓక్ ఎండితే ఉలి దిగడం కష్టం. అందుకని పచ్చిగా ఉండగానే చెక్కి నిలబెట్టేవారు. తర్వాత ఏళ్ళ తరబడి ఎండుతూ అది మెలి తిరుగుతుంది, ఇల్లూ దాంతోపాటే ఒరుగుతుంది. ఆ వంకర చాలావరకు అలా వచ్చిందే. ఇక కీళ్ళ పని చూడాలి! ఒక కర్ర కొసను నాలుకలా చెక్కి, రెండోదాని గాడిలో దూర్చి, ఓక్ సీల దిగ్గొడతారు. రెండు కర్రల్లో బెజ్జాలు కావాలనే రవ్వంత తప్పించి వేస్తారు. సీల దిగుతుంటే కీలు తనే దగ్గరికి లాక్కుంటుంది. ఓక్‌లోని వగరు ఇనుమును తినేస్తుంది, కర్ర సీలకు ఆ బాధ లేదు. ఉప్పుగాలికి ఊచలు తుప్పుపట్టే మన ఊళ్ళో ఇది చెప్పకుండా ఉండలేను.

మేడ ముందుకు రావడానికి కారణం, నేల దూలాలను కింది గోడ దాటించి, వాటి కొసల మీద పై గోడ నిలపడం. పైన గది పెరుగుతుంది. నలుపు రంగు మాత్రం చాలాచోట్ల 19వ శతాబ్దపు మోజు.

అసలు భయపడాల్సింది సిమెంటుకి. భీమిలిలో మా అమ్మమ్మగారింట్లో సున్నం పూత గీకించి సిమెంటు పూయించాం. తడి బయటికి పోయే దారి మూసుకుపోయింది. కొన్నేళ్ళకు గోడలోని టేకు స్తంభం మొదట్లో బొటనవేలు నొక్కితే లోపలికి దిగింది. ఆ మెత్తదనం ఇప్పటికీ నా వేలికి గుర్తే. ఇంగ్లండ్‌లోనూ సిమెంటు పూసిన పాత ఇళ్ళు ఇలాగే పాడయ్యాయి.

ఉస్టర్‌షర్‌లోని బ్రెట్‌ఫర్టన్ అనే ఊళ్ళో ఇలాంటిదే ఫ్లీస్ ఇన్ అనే పబ్బుంది. ఒకప్పుడు రైతు ఇల్లు, 1977 నుంచి పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థది. 2004లో దాని గడ్డికప్పు కాలిపోయింది. బాగుచేసి మళ్ళీ తెరిచారు.

ఈసారి వెళ్ళినప్పుడు మీ అబ్బాయిని కీళ్ళ దగ్గర వెతకమనండి. ముందు పనిచోట చట్రమంతా పరిచి బిగించి చూసి, విప్పి తెచ్చేవారు. ఏది దేనికో తెలియడానికి వడ్రంగులు చెక్కిన రోమన్ అంకెలు అక్కడ ఉండొచ్చు. కనిపిస్తే దగ్గరగా ఫొటో తీసి నాకూ పంపమనండి.