ఆ చీటీలో ఏం రాశారో ముందు చూడు

చిట్టితల్లికి,

మావయ్య రాస్తున్నాను. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి రెండు సంగతులు చెప్పింది. మీ నాన్న కాలికి రాడ్ వేశారట, ప్రాణానికి భయం లేదట. నువ్వు ఆఫీసుకి పదిహేను రోజులు సెలవు పెట్టి, గుద్ది పారిపోయిన ఆ తెల్ల కారును నేనే పట్టుకుంటానని కూర్చున్నావట. మొదటిదానికి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. రెండోదానికి తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. నీ తెగువకి లోపల పొంగిపోయాననుకో. కానీ రాత్రిపూట హైవే పక్కన నిలబడి ధాబాల వాళ్లని వివరాలు అడుగుతావా? తండ్రి మంచం మీద ఉంటే కూతురు రోడ్డు మీద నిలబడుతుందా? బుద్ధుందా నీకు?

సరే, తిట్టడం అయింది. వాట్సాప్‌లో టైప్ చేయడం నా వల్ల కాదు గనక కాగితం మీద రాసి ఫోటోలు తీసి పంపుతున్నా. ఓపిగ్గా చదువు.

మీ అమ్మ మాటల మధ్యలో ఒకటి అంది. "ఆసుపత్రిలో బండి స్కిడ్ అయిందని రాయించాం అన్నయ్యా, లేకపోతే పోలీసుల గొడవ." అది వినగానే నాకు చెమటలు పట్టాయి. ఎందుకో చెప్తా. ఇది నీకెవరూ చెప్పి ఉండరు.

తాతయ్య కాలు ఎలా పోయిందని అడిగితే బావి మెట్ల మీద జారారని చెప్పేవాళ్లం కదా. అబద్ధం. 1997లో నందిగామ సంత నుంచి సైకిల్ మీద తెలగపిండి బస్తా వేసుకుని వస్తుంటే వెనక నుంచి వ్యాను గుద్దేసింది. ఆపలేదు. తుంటి విరిగింది. దగ్గర్లో ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి రిక్షాలో నేనే తీసుకెళ్లాను. కాంపౌండరు నన్ను పక్కకి పిలిచి, "యాక్సిడెంట్ అని రాస్తే మెడికో లీగల్ కేసవుతుంది బాబూ, పోలీసులొస్తారు, వైద్యం ఆలస్యమవుతుంది, జారిపడ్డాడని రాసేస్తా" అన్నాడు. నాన్న బల్ల మీద మూలుగుతున్నాడు. నాకు ఇరవై ఆరేళ్లు. మంచి మాటే చెప్పాడనుకున్నా. "సైకిల్ మీద నుండి జారిపడెను" అని రాసి, కింద గీత గీసి ఇచ్చాడు. సంతకం పెట్టాను. నీలం ఇంకు. పూర్తి పేరుతో, ఇంటిపేరుతో సహా, ఏదో ఘనకార్యం చేసినట్టు.

పదకొండు రోజుల తర్వాత సైకిల్ షాపు కుర్రాడు ఇంటికొచ్చాడు. వ్యాను నంబరు ఆరోజే చాక్‌పీస్‌తో షాపు రేకు తలుపు మీద రాసి పెట్టాడట. ఎవరైనా వచ్చి అడుగుతారని చూశాడట, ఎవరూ రాలేదట. నేను ఆ దారిలో రోజూ పోతూనే ఉన్నా, తలెత్తి చూడలేదు. పరిగెత్తాను. ఏపీ 16తో మొదలై మొత్తం నంబరు చక్కగా ఉంది. పోలీసు కేసు పెట్టించాం, ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్లో క్లెయిమ్ వేశాం. ఇన్సూరెన్స్ వాళ్ల లాయరు నన్ను బోనెక్కించి ఎక్కువేమీ అడగలేదు. ఆసుపత్రి చీటీ చూపించి, ఈ సంతకం మీదేనా అన్నాడు. నాదే అన్నాను. పైన ఏం రాసి ఉందో చదవమన్నాడు. చదివాను. జారిపడెను. అంతే, కూర్చున్నాడు. చేతిలో బండి నంబరు ఉండి, చూసిన మనిషి ఉండి, నా సంతకం దగ్గర ఓడిపోయాం.

నాన్న ఆ తర్వాత పదకొండేళ్లు కర్రతోనే నడిచాడు. నువ్వు గుర్రం ఆట ఆడేదానివే, ఆ కర్రే. ఒక్కరోజు కూడా నన్నేమీ అనలేదు. ఒకసారి మాత్రం, నేను ఏదో రసీదు మీద సంతకం పెడుతుంటే, "చదివావురా?" అన్నాడు. అప్పటి నుంచి పాల ప్యాకెట్ల చీటీ కూడా చదవకుండా ముట్టుకోను. మీ అత్తయ్య నవ్వుతుంది.

అందుకని కారు సంగతి తర్వాత. ముందు మీ నాన్న అడ్మిషన్ షీటు, మొదటి రోజు చీటీ చూడు. స్కిడ్ అని ఉంటే కొట్టేయించి పైన వేరేది రాయించకు, దిద్దిన కాగితం మీద అనుమానం ఇంకా ఎక్కువ. జరిగింది జరిగినట్టు రాసి, మీ నాన్నతో సంతకం పెట్టించి డాక్టరుకి అర్జీ ఇవ్వు. గుర్తు తెలియని కారు వెనక నుంచి గుద్దిందని ఇవాళ్టి తేదీతో రికార్డులో చేర్చమను, మెడికో లీగల్ కేసుగా పోలీసులకి సమాచారం పంపమను. మీ అమ్మని తిట్టకు. భయపడి చేసింది, నాలాగే.

ఇవాళే స్టేషన్‌కి వెళ్లు. నంబరు తెలియకపోయినా గుర్తు తెలియని వాహనం మీద ఎఫ్‌ఐఆర్ కడతారు. మా పరిధి కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడుగు, అది పరిధితో పని లేకుండా ఏ స్టేషన్లోనైనా కడతారు. అసలు తీసుకోకపోతే ఎస్పీకి రాసి పోస్టులో పంపు. నాలుగు రోజులు ఎందుకు ఆలస్యమైందో, ఆసుపత్రిలో స్కిడ్ అని ఎందుకు రాయించారో ఫిర్యాదులోనే నిజం రాసెయ్, రేపు ఎవరో అడిగి చెప్పించుకునేకన్నా నయం. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదు ఇచ్చినవాళ్లకి ఉచితంగా ఇవ్వాలి.

బండిని మెకానిక్ దగ్గరికి పంపలేదు కదా? పంపకు. మోటారు వెహికిల్ ఇన్‌స్పెక్టరు చూడాలి. వెనక ఇండికేటర్ మీద తెల్ల రంగు గీతలున్నాయని మీ తమ్ముడు అన్నాడట. కడగొద్దని చెప్పు. హెల్మెట్, రక్తం మరకల చొక్కా ఒక సంచిలో పెట్టండి. రోడ్డు పక్కన పగిలిన హెడ్‌లైట్ ముక్కలేమైనా మిగిలి ఉంటే పోలీసులతో కలిసి ఏరించు, అదీ పగలు. ముక్క మీద కంపెనీ గుర్తు ఉంటే ఏ మోడలో పట్టుకోవచ్చు.

కెమెరాల విషయంలో నీ ఆలోచన సరైందే, ఆలస్యం చేయకూడదు. పాత రికార్డింగ్ మీద కొత్తది పడిపోతుంది, కొన్నిచోట్ల పదిహేను రోజులకే. నువ్వడిగితే బంకు వాళ్లు ఇవ్వరు. చెరిపేయొద్దని పోలీసుల చేత లెటర్ ఇప్పించు. కారు సూర్యాపేట దాటి హైదరాబాద్ వైపే పోయిందంటున్నారు. అయితే కొర్లపహాడ్ టోల్‌గేటు దాటాలి, లేదా మధ్యలో ఏదో ఊళ్లోకి దిగాలి. టోల్లో ఫాస్టాగ్ లెక్కలో బండి నంబరూ టైమూ ఉంటాయి. మీ నాన్న పడిపోయిన టైము 108కి చేసిన ఫోన్‌లో ఉంటుంది, అక్కణ్ణుంచి ఓ అరగంట లెక్క అడగమను. చూసినవాళ్లు సాక్ష్యానికి జంకితే బతిమాలకు, బెదిరించకు. ఆసుపత్రికి చేర్చినవాళ్లు పేరు చెప్పనక్కర్లేదని చట్టమే రాసింది.

ఒకవేళ కారు దొరికితే ఇంటికి మాత్రం వెళ్లకు. పెద్దమనుషులు రాజీకొస్తారు, కవరు చూపిస్తారు, కాగితం ముందు పెడతారు. నాకు ఫోన్ చెయ్. ట్రిబ్యునల్లో క్లెయిమ్ వేయడానికి ప్రమాదం రోజు నుంచి ఆరు నెలలు గడువని 2022 నుంచి చట్టంలో పెట్టారు, అది క్యాలెండర్ మీద రాసుకో.

దొరక్కపోయినా ఒట్టి చేతులతో ఉండక్కర్లేదు. బండి తెలియని కేసుల్లో తీవ్ర గాయానికి 50,000, ప్రాణం పోతే 2 లక్షలు ఇచ్చే పథకం ఉంది. ఎముక విరిగితే తీవ్ర గాయమే. 2022 ఏప్రిల్‌కి ముందు ఇది 12,500, 25,000 ఉండేది. ప్రమాదం జరిగిన చోటి ఆర్డీవో లేదా తహశీల్దారు దగ్గర ఫారం 1 ఇవ్వాలి, ఎఫ్‌ఐఆర్, గాయాల రిపోర్టు, బిల్లులు, ఆధార్, పాస్‌బుక్ కాపీలతో. నెలలోగా బండి దొరక్కపోతే ఈ పథకం గురించి పోలీసులే రాతపూర్వకంగా చెప్పాలని 2024లో సుప్రీంకోర్టు అంది. వాళ్లు చెప్పేదాకా కూర్చోకు. కారు తర్వాత దొరికి అక్కడ పరిహారం వస్తే ఈ సొమ్ము వెనక్కి కట్టాలి, అది న్యాయమే. ఇంకొకటి, 2025లో నగదు లేకుండా వైద్యం పథకం వచ్చింది, లక్షన్నర దాకా, ప్రమాదం నుంచి ఏడు రోజుల వరకే. ఇవాళ నాలుగో రోజు. మీ ఆసుపత్రి ఆ జాబితాలో ఉందో లేదో కౌంటర్లో అడుగు.

2024 జనవరి మొదట్లో, గుద్ది పారిపోతే పదేళ్ల శిక్ష అన్న కొత్త సెక్షన్ మీద లారీ, ట్యాంకర్ డ్రైవర్లు సమ్మె చేస్తే నువ్వు హైదరాబాద్‌లో పెట్రోలు కోసం క్యూలో నిలబడి వాళ్లని తిట్టుకున్నావు, గుర్తుందా? అది ఇంకా అమలు కాకుండా ఆపి ఉంచారు. బండి ఆపితే జనం కొట్టి చంపుతారనే వాళ్ల భయం కూడా అబద్ధం కాదు. కానీ కిలోమీటరు ముందుకెళ్లి 112కి ఒక ఫోన్ చెయ్యడానికేం?

నా మోకాలు ఒప్పుకోవడం లేదు గాని, ఎల్లుండి పొద్దున మొదటి బస్సుకి వస్తున్నా. మీ అత్తయ్య గోంగూర పచ్చడి కడుతోంది. స్టేషన్‌కి వెళ్లేటప్పుడు తమ్ముణ్ణి వెంట తీసుకెళ్లు, ఏదైనా తిని వెళ్లు. ఇది చదవగానే ఆసుపత్రి చీటీ ఫోటో తీసి పంపు. ఫ్లాష్ వెయ్యకు, మెరుపు పడితే అక్షరాలు కనిపించవు.

మావయ్య