బాయిలర్ ప్యానెల్ మారుస్తున్నారా? ముందు మోబ్రే (నీటి మట్టం స్విచ్) వైరు ఫేజు వైపుందో న్యూట్రల్ వైపుందో చూడండి

మీరు అడిగింది ఇదీ: ఆదోనిలో మీ నూనె మిల్లుకు గంటకు టన్ను ఆవిరి ఇచ్చే బాయిలర్ ఉంది, వేరుశెనగ పొట్టుతో నడుస్తుంది, పాత కంట్రోల్ ప్యానెల్ తీసేసి కొత్తది పెట్టాలి. గేజ్ గ్లాసులో నీళ్లు కనబడుతున్నా లోవాటర్ హూటర్ మోగుతోంది. ఫీడ్ ట్యాంకు నీళ్ల వేడి ఎనిమిది డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. ఏ కేబుల్ కొనాలి, సెన్సర్లు ఎలా కలపాలి?

నాది అనంతపురం. పదిహేడేళ్లుగా ప్యానెళ్లు కట్టడమే పని. కేబుల్ సంగతి తర్వాత చెబుతాను. ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

గుంతకల్లు వైపు ఒక మిల్లులో ఏడాది తనిఖీకి ముందు ట్రయల్ వేస్తున్నాం. మోబ్రే అంటే నీళ్లు తగ్గితే హూటర్ మోగించి ఫ్యాన్లు ఆపాల్సిన ఫ్లోట్ స్విచ్. దాని ఛాంబర్ డ్రెయిన్ వాల్వు తెరిచాను. లోపల ఫ్లోట్ దిగింది, స్విచ్ టిక్కుమంది, అది నా చెవులతో విన్నాను. ఫ్యాన్లు మాత్రం ఆగలేదు. హూటరూ మోగలేదు. వాల్వు మూసి మళ్లీ తెరిచినా అంతే. బాయిలర్ ఆపరేటర్ నా మొహం చూస్తున్నాడు, నేను ప్యానెల్ మొహం చూస్తున్నాను. ఆ ప్యానెల్ రెండేళ్ల కింద కట్టింది నేనే.

వెతికితే దొరికింది. మోబ్రేకు వెళ్లే మామూలు పీవీసీ వైరు ఒకచోట బాయిలర్ రేకుకు ఆనుకుని ఇన్సులేషన్ కరిగింది, రాగి తీగ రేకుకు తగిలింది. అంటే ఎర్త్ అయింది. అయితే ఫ్యూజు పోవాలి కదా? పోలేదు. ఎందుకంటే ఫేజును నేరుగా, ఫ్యాన్లకు కరెంటు కలిపే కాంటాక్టర్ కాయిల్‌కు ఇచ్చి, మోబ్రేను నేను న్యూట్రల్ వైపు పెట్టాను. కాయిల్ నుంచి మోబ్రేకు పోయే వైరు ఎర్త్ అవగానే కాయిల్‌కు కావలసిన దారి రేకు మీదుగానే దొరికింది. ఇక మోబ్రే తెరుచుకున్నా మూసుకున్నా కాంటాక్టర్‌కు పట్టదు. కాయిల్ తీసుకునే కరెంటు చాలా తక్కువ కాబట్టి ఫ్యూజుకు తెలియనే తెలియదు.

ఆరోజు ట్రయల్ వేయకపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోను.

కాబట్టి మీ కొత్త ప్యానెల్ డ్రాయింగులో ముందు చూడాల్సింది ఇది. కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీలో ఒక కొసను ఎర్త్ చేయాలి. అన్ని కాయిళ్ల ఒక కాలు నేరుగా ఆ కొసకే పోవాలి, మధ్యలో ఏ స్విచ్చూ ఉండకూడదు. మోబ్రే, ప్రెషర్ స్విచ్, ఎమర్జెన్సీ పుష్ బటన్, మోటారు ఎక్కువ కరెంటు లాగితే తెరుచుకునే ఓవర్‌లోడ్ రిలే కాంటాక్టు, ఇవన్నీ ఫ్యూజు తర్వాత ఫేజు వైపు వరుసగా రావాలి. అప్పుడు ఏ వైరు రేకుకు తగిలినా ఫ్యూజు పోతుంది, ఫ్యాన్లు ఆగుతాయి. కాంటాక్టులు కూడా నీళ్లు సరిగా ఉన్నప్పుడు మూసుకుని, తగ్గితే తెరుచుకునేవే వాడండి. ఎలుక వైరు కొరికినా, లగ్గు ఊడినా, మంట ఆగే వైపే పోవాలి. హూటర్ ఒక్కటి మోగి ఫ్యాన్ తిరుగుతూ ఉంటే దాన్ని సేఫ్టీ అనరు.

ఇప్పుడు మీ హూటర్. "ఊరికే కొట్టుకుంటా ఉంటాది సామీ, అందుకే లింకు వేసినాం" అని చాలా మిల్లుల్లో విన్నాను. దయచేసి లింకు, అంటే స్విచ్‌ను తప్పించి కలిపే వైరు, మాత్రం వేయకండి. నీళ్లున్నా మోగుతోందంటే నాకు ముందు అనుమానం వైరు మీద కాదు, ఛాంబర్ మీద. మన బోర్ల నీళ్ల సంగతి తెలిసిందే, సాఫ్ట్‌నర్ సరిగా నడవకపోతే ఛాంబర్‌కు కింది నుంచి వచ్చే పైపులో బురద, సున్నపు పెచ్చు పట్టి దారి మూసుకుపోతుంది. గ్లాసులో ఒక మట్టం, ఛాంబర్‌లో ఇంకో మట్టం. రోజూ షిఫ్టు మొదట్లో ఛాంబర్ బ్లోడౌన్ చేస్తున్నారా, అంటే డ్రెయిన్ తెరిచి బురద పోయేలా వదులుతున్నారా? అది బాగుంటే అప్పుడు టెర్మినళ్లు బిగించి చూడండి, వేడికి, అదురుకు స్క్రూలు వదులవుతాయి. కుక్కర్ ఆవిరి వాల్వు ఒక్కసారిగా తెరిచినప్పుడే మోగుతుంటే అది నీళ్ల ఊగిసలాట, హూటర్‌కు నాలుగైదు సెకన్ల టైమర్ చాలు. హూటర్ మట్టానికి కింద, ఫ్యాన్లు ఆపే రెండో మట్టానికి మాత్రం ఆలస్యం పెట్టకండి.

మోబ్రే బదులు ప్రోబులు (నీళ్లలోకి దిగే కడ్డీలు) పెట్టమని ఎవరైనా చెబితే ఒక్క మాట. ప్రోబు నీళ్లలో కరెంటు పారడం మీద పనిచేస్తుంది, దానికి ఏసీ ఇచ్చే రిలేనే వాడాలి, డీసీ ఇస్తే కడ్డీ పాడవుతుంది. పైన తెల్లటి ఇన్సులేటర్ మీద ఉప్పు పేరుకుని తడిస్తే, నీళ్లు లేకున్నా ఉన్నట్టు చూపిస్తుంది. నేనైతే ఒకటి ఫ్లోట్, ఒకటి ప్రోబు పెడతాను. రెండూ ఒకే కారణంతో ఒకేసారి మోసం చేసే అవకాశం తక్కువ.

ఉష్ణోగ్రత లెక్క తేలిక. మీది పీటీ100 (వేడికి నిరోధం పెరిగే ప్లాటినం సెన్సర్), రెండు వైర్లతో కలిపి ఉంటారు. దాని నిరోధం సున్నా డిగ్రీల దగ్గర 100 ఓములు, డిగ్రీకి దాదాపు 0.385 ఓము పెరుగుతుంది. 0.5 చదరపు మిల్లీమీటర్ల వైరు 40 మీటర్లు లాగితే రానూపోనూ 80 మీటర్లు, అదొక్కటే 3 ఓములకు పైన. అంటే ఎనిమిది డిగ్రీలు. మీ ఎనిమిది డిగ్రీలు అక్కడే ఉన్నాయని నా అంచనా. మూడు వైర్లు లాగి, మీటరు సెట్టింగు కూడా మూడు వైర్లకు మారిస్తే పోతుంది. చిమ్నీలో ఉన్నది కె టైపు థర్మోకపుల్ (రెండు లోహపు తీగల వేడి సెన్సర్) అయితే దానికి రాగి వైరు పనికిరాదు, కె టైపుకు సరిపడే కాంపెన్సేటింగ్ కేబులే ప్యానెల్ దాకా రావాలి. ప్లస్, మైనస్ రంగు చూసి నమ్మకండి, ఒక్కో ప్రమాణానికి ఒక్కో రంగు. కొస వేడిచేసి మల్టీమీటర్‌తో చూసుకోండి.

ప్రెషర్ ట్రాన్స్‌మిటర్ 4-20 మిల్లీ ఆంపియర్లది తీసుకోండి. సున్నా ఒత్తిడికి కూడా 4 వస్తుంది కాబట్టి, 0 చూపిస్తే వైరు తెగిందని తెలుస్తుంది. అయితే అది చూసుకోవడానికి, నడపడానికి మాత్రమే. ఎక్కువ ఒత్తిడికి ఆపే పని చేత్తో రీసెట్ చేసే విడి ప్రెషర్ స్విచ్‌దే, సేఫ్టీ వాల్వు లేచే ఒత్తిడికి కొంచెం కింద సెట్ చేయండి.

కేబుళ్లు: బాయిలర్ దగ్గరికి వెళ్లే చివరి కొన్ని మీటర్లు సిలికాన్ లేదా టెఫ్లాన్ ఇన్సులేషన్‌వి. మామూలు పీవీసీ 70 డిగ్రీలదే, నా గుంతకల్లు కథ గుర్తుంది కదా. సెన్సర్ వైర్లకు షీల్డు ఉన్నవి వాడి, షీల్డును ప్యానెల్ వైపు ఒక్కచోటే ఎర్త్ చేయండి. మోటారు కేబుళ్ల గొట్టంలో వాటిని దూర్చకండి, ఐడీ ఫ్యాన్‌కు (పొగను బయటికి లాగేది) వేగం మార్చే డ్రైవ్ ఉంటే అసలే వద్దు, అంకెలు దెయ్యం పట్టినట్టు ఊగుతాయి. కేబుళ్లు ప్యానెల్‌లోకి దూరే గ్లాండ్లు కింది నుంచి. ప్రతి వైరు కొసకు ఫెర్రూల్ నంబర్లు (గుర్తు చుట్లు) వేయించండి, ఆ డబ్బు మిగుల్చుకున్నవాళ్లు తర్వాత నాకే ఇచ్చారు.

మీది పొట్టు బాయిలర్ కాబట్టి ఇంకో మాట. డీజిల్ బర్నర్ అయితే సోలెనాయిడ్ మూయగానే మంట పోతుంది. మీ పొట్టు మాత్రం ఫ్యాన్లు ఆగినా లోపల కణకణలాడుతూనే ఉంటుంది. అందుకే నీళ్లు తగ్గితే గాలి లోపలికి తోసే ఎఫ్‌డీ ఫ్యాన్, పొట్టు ఫీడర్ రెండూ ఆగాలి. ఐడీ తిరగనిదే ఎఫ్‌డీ తిరగకూడదు, లేకపోతే తలుపులోంచి మంట బయటికి తన్నుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు ఏదీ తనంతట తాను మొదలవకూడదు, స్టార్ట్ బటన్ మనిషే నొక్కాలి.

ప్యానెల్‌ను బాయిలర్‌కు ఎదురుగా పెట్టకండి, మేలో మన ఎండకు లోపలి ఎలక్ట్రానిక్స్ ఉడికిపోతాయి. కొత్త సెన్సర్ కోసం షెల్‌కు రంధ్రం వేయడం, వెల్డింగు చేయడం ఎంత చిన్నదైనా బాయిలర్ల శాఖ అనుమతి సంగతి తేల్చుకోకుండా వద్దు. 1923 నాటి చట్టం పోయి 2025లో కొత్తది వచ్చింది.

పని అయ్యాక నీళ్లు నిండుగా ఉన్నప్పుడు, మంట లేకుండా ఫ్యాన్లు తిప్పి, మోబ్రే వైర్లలో ఒకటి ఊడదీయండి. ఫ్యాన్ ఆగాలి. తర్వాత దాన్ని కలిపి, అదే వైరును కావాలని బాడీకి తాకించండి, ఎలక్ట్రీషియన్ పక్కన ఉండగానే. ఫ్యూజు పోవాలి. ఏం జరిగిందో ఇక్కడే రాయండి, మీ మోబ్రే ఇప్పుడు ఏ వైపుందో కూడా.