‘మావాడు కాదు’ అంటే గని యజమాని బాధ్యత తీరదు

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లెటూరు. నేను జీడిపిక్కల పరిశ్రమలో పనిచేస్తాను. నా భర్త ఒడిశాలో ఒక ఓపెన్‌కాస్ట్ (నేల పైనుంచే తవ్వే) బొగ్గు గనిలో టిప్పరు నడిపేవారు. జీతం నెలకు 22,000 రూపాయలు. 2025 జూలైలో ఒక రాత్రి వానలో మట్టి దింపుతుండగా అంచు జారి, టిప్పరుతో సహా కింద పడి చనిపోయారు. వయసు 35. కాంట్రాక్టరు మనిషి అంబులెన్సులో శవాన్ని తెచ్చి, మూడు లక్షలు చేతిలో పెట్టి, మా అత్తగారి వేలిముద్ర, నా సంతకం స్టాంపు కాగితం మీద తీసుకున్నాడు. గని ఆఫీసుకు ఫోను చేస్తే ‘అతను మా ఉద్యోగి కాదు’ అన్నారు. కాంట్రాక్టరు ఏమో బండి వేరేవాళ్లదనీ, ఆయనే నిద్రపోయారనీ అంటున్నాడు. ఇద్దరు చిన్నపిల్లలు. ఇక మేము అడగడానికి ఏమీ లేదా? ఆయన చివరగా పంపిన ఫోటో జతచేస్తున్నాను.
— ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఫోటోను ఇంకా ఎక్కువసేపు చూశాను. ముప్పై ఏళ్లు ఓపెన్‌కాస్ట్ గనుల్లో ఓవర్‌మన్‌గా, అంటే పని పర్యవేక్షకుడిగా, పనిచేసినవాణ్ణి కనుక నా చూపు ముందు మీ ఆయన వెనకాల ఉన్న నేల మీదికి పోయింది. టిప్పరు వెనుక చక్రాలు డంపు (తవ్విన మట్టి పోసే గుట్ట) అంచుకు బారెడు దూరంలో ఉన్నాయి. అక్కడ మట్టి కట్ట ఉండాలి. బండి ఒకవేళ ఎక్కువ వెనక్కి వచ్చినా చక్రం తగిలి ఆగిపోయేంత ఎత్తు, బలం ఆ కట్టకు ఉండాలి. ఫోటోలో ఉన్నది మోకాలెత్తు కూడా లేదు. ఒకచోట అదీ తెగి, వాననీరు కిందికి కోసుకుపోయిన చారలు కనిపిస్తున్నాయి. బండిని చూసి వెనక్కి రప్పించే మనిషి ఎక్కడా లేడు. దీపస్తంభం లేదు. అది పట్టపగలు తీసిన ఫోటో. అలాంటి చోట రాత్రిపూట, వానలో మట్టి దింపమన్నవారికి ‘నిద్రపోయాడు’ అనడానికి నోరెలా వచ్చిందో నాకు అర్థం కాదు.

అడగడానికి చాలా ఉంది. మీరు సంతకం పెట్టిన కాగితాన్ని చూసి భయపడకండి. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం ప్రకారం కార్మికుడు చనిపోయినప్పుడు పరిహారాన్ని ఆ చట్టం కింద ఇలాంటి కేసులు చూసే కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయాలి. ఇంటికి తెచ్చి చేతిలో పెట్టిన డబ్బు పరిహారం కింద లెక్కకు రాదు. మూడు నెలల జీతం వరకు మాత్రం అడ్వాన్సుగా మినహాయించుకోవచ్చు. హక్కు వదులుకున్నామని రాయించుకున్న ఒప్పందం ఆ చట్టం ముందు చెల్లదు. నిద్ర మాట నిజమే అనుకున్నా, ప్రాణం పోయిన కేసులో కార్మికుడి నిర్లక్ష్యాన్ని చూపించి పరిహారం ఎగ్గొట్టడానికి వీల్లేదు.

లెక్క కూడా చెబుతాను. జీతం 22,000 అయినా చట్టం 15,000 వరకే పరిగణిస్తుంది. అందులో సగం, అంటే 7,500ను, 35 ఏళ్ల వయసుకు పట్టికలో ఇచ్చిన 197.06తో హెచ్చించాలి. 14,77,950 రూపాయలు వస్తుంది. మీకు మూడు లక్షలు ఇచ్చి ఎంత మిగుల్చుకోవాలని చూశారో దీన్నిబట్టే తెలుస్తుంది. నెల లోపల డిపాజిట్ చేయకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది. ఆలస్యానికి సరైన కారణం చూపకపోతే పరిహారంలో సగం దాకా జరిమానా కూడా వేయవచ్చు.

ఇక ‘మావాడు కాదు’ అనే మాట. ఈ మాట నా ఉద్యోగకాలమంతా వింటూనే ఉన్నాను. 1952 గనుల చట్టం దీనికి చోటివ్వలేదు. గనిలో ఏ భాగం పని చేపట్టిన కాంట్రాక్టరైనా యజమాని లాగే ఆ చట్టానికి కట్టుబడాలి. అంతమాత్రాన అసలు యజమాని బాధ్యత తొలగిపోదు. గని మేనేజర్‌కు తెలిసి గని పనిలో ఉన్న మనిషి, జీతం ఎవరిచ్చినా, ఆ గనిలో పనిచేస్తున్నవాడి కిందే లెక్క. బండి ఎవరిదన్న ప్రశ్నతో పనే లేదు. బొగ్గు మీది మట్టి తీయకుండా బొగ్గు రాదు కాబట్టి మట్టి మోసే పని గని సొంత పనే. అందువల్ల పరిహారం గని యజమాని నుంచే కోరవచ్చు. ఆ తర్వాత యజమాని కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవడం వాళ్లిద్దరి వ్యవహారం.

దీనికోసం మీరు ఒడిశా వెళ్లనక్కర్లేదు. మీరు నివసించే ప్రాంతంలోని కమిషనర్ దగ్గరే దరఖాస్తు పెట్టుకోవచ్చు. శ్రీకాకుళం కార్మిక శాఖ కార్యాలయంలో అడగండి. ప్రమాదం జరిగిన రెండేళ్ల లోపు, అంటే 2027 జూలై లోపు వేయాలి. వకీలు ఫీజు గురించి బెంగ వద్దు. ఆదాయం ఎంతైనా సరే, మహిళలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమలయ్యాయి. మీకు జరిగింది అంతకు ముందు కనుక ఎవరైనా ‘పాత చట్టం పోయింది’ అంటే నమ్మకండి.

మరొకటి. గనిలో ప్రాణం పోతే గనుల భద్రతా డైరెక్టరేట్‌కు, అంటే డీజీఎంఎస్‌కు, తెలియజేయడం తప్పనిసరి. వారు విచారణ జరపాలి. ధన్‌బాద్‌లోని వారి ప్రధాన కార్యాలయానికి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి, విచారణ నివేదిక అడగండి. మీ ఆయన పేరు గని హాజరు పుస్తకంలో, గనిలో పనివాళ్ల పేర్లు రాసే ‘బి’ ఫారం రిజిస్టరులో ఎప్పుడు ఎక్కిందో కూడా అడగండి.

ఆ రిజిస్టరు గురించి ఎందుకింత పట్టుదలంటే, ఒక సంగతి చెప్పాలి. నేను పనిచేసిన ఒక గనిలో కాంట్రాక్టరు కింద ఉన్న క్లీనరు కుర్రాడు డంపరు కింద పడి పోయాడు. మర్నాడు పొద్దున రిజిస్టరు తెరిచాను. అతని పేరు ఉంది, చేరిన తేదీ మూడు నెలల కిందటిది. కానీ పై వరసల సిరా వెలిసిపోయి ఉంటే ఆ ఒక్క వరస నీలంగా మెరుస్తోంది. వేలు ఆనిస్తే అంటుకుంది. చనిపోయిన తర్వాతే ఆ కుర్రాడు రికార్డుల్లో కార్మికుడయ్యాడు. శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ కూడా అదే రోజు పుట్టింది. తనిఖీకి వచ్చిన అధికారికి ఆ పేజీ చూపించాను. తర్వాత నన్ను వేరే షిఫ్టుకు మార్చారు. ఆ నీలం వరస ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

2016 డిసెంబరు 29న జార్ఖండ్‌లోని లాల్‌మాటియా ఓపెన్‌కాస్ట్ గనిలో మట్టి విరిగిపడి 23 మంది చనిపోయారు. వాళ్లూ కాంట్రాక్టు కార్మికులే. నిబంధన తప్పినందువల్ల ప్రాణం పోయిందని రుజువైతే పాత చట్టంలో శిక్ష రెండేళ్ల వరకు జైలు, లేదా ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఐదు వేలు! టిప్పరు టైరు ఒక్కటి రాదు ఆ డబ్బుకు. కొత్త కోడ్‌లో జరిమానా ఐదు లక్షలకు తగ్గకూడదు. అందులో కనీసం సగం బాధిత కుటుంబానికి ఇప్పించే అధికారం కోర్టుకు ఇచ్చారు. ఇది రావడానికి ఇన్నేళ్లు పట్టడం నాకు బాధగా ఉంది.

ఆ ఫోటో ఉన్న ఫోనును జాగ్రత్తగా దాచండి. అమ్మకండి, మార్చకండి. ఆయన పంపిన మెసేజీలు, జీతం పడిన బ్యాంకు పుస్తకం కూడా.

ప్రశ్న: మేస్త్రి మాట మీద వచ్చే వారం బొగ్గు గని పనికి వెళ్తున్నాను. ఏమి చూసుకోవాలి?
— ఒక యువకుడు, బొబ్బిలి

జవాబు: బాబూ, నియామక పత్రం లేకుండా రైలెక్కకు. గనిలో దిగేముందు వైద్య పరీక్ష, వృత్తి శిక్షణ రెండూ జరగాలి. తర్వాత ‘బి’ ఫారంలో నీ పేరు నీ కళ్లతో చూసుకో, వీలైతే ఫోటో తీసి ఇంటికి పంపు. ఈ పేజీలో పై ఉత్తరం కూడా చదువు. వెళ్లేది డ్రైవరుగా అయితే మొదటి రోజే డంపు అంచున కట్ట ఎంత ఎత్తుందో చూడు. అది లేకపోతే బండి వెనక్కి తీయనని చెప్పు.